కువైట్ వంటింట్లో వాట్సాప్ ఊరు

కువైట్‌లో ఏ ఇంటి గోడ చూసినా నంబరు పలక ఒకటి కనిపిస్తుంది. అక్కడి పౌర సమాచార సంస్థ ప్రతి భవనానికీ కేటాయించిన అంకెలవి. ఆ సంస్థ ఇంగ్లిషు పేరులోని పొడి అక్షరాలను కలిపి జనం దాన్ని ‘పాసీ నంబరు’ అంటారు. కువైట్ ఫైండర్ అనే యాప్‌లో ఆ అంకెలు కొడితే బ్లాకు, వీధి, ఇల్లు అన్నీ మ్యాపు మీదికి వచ్చేస్తాయి. అరబ్బీ అక్షరం తెలియక, తానున్న పేట పేరైనా తెలియక ఓ ఇంట్లో పనికి కుదిరిన రాయచోటి మనిషికి అదే చిరునామా. చెత్త సంచి పడేయడానికి గేటు దాకా వెళ్లిన అర నిమిషంలో ఆ పలకను ఫొటో తీసి పంపగలిగితే, ఆమె ఎక్కడుందో బయట నలుగురికి తెలిసినట్టే.

ఆ ఫొటో ఎంబసీ కన్నా ముందు చేరేది ఏదో ఒక వాట్సాప్ గ్రూపుకే. ఊరి పేరుతో, జిల్లా పేరుతో, చర్చి పేరుతో, పార్టీ పేరుతో, కులం పేరుతో (సముద్రం దాటినా మనవాళ్లకు ఇది తప్పదు) నడిచే తెలుగు గ్రూపులు గల్ఫ్‌లో లెక్కలేనన్ని. మామూలు రోజుల్లో వాటిలో ఉండేది పండగ శుభాకాంక్షలు, విమానం టికెట్ల రేట్లు, దినారు ధర, ఊళ్లో చావులూ పెళ్లిళ్లూ. మధ్యలో ఓ రాత్రి గొంతు తగ్గించి మాట్లాడిన వాయిస్ మెసేజ్ ఒకటి పడుతుంది. జీతం ఇచ్చి నెలలైందనీ, ఇంటికి పంపమంటే కొడుతున్నారనీ, ఫోను దాచుకుని మాట్లాడుతున్నాననీ. పదిమంది దండం పెట్టే బొమ్మలు పెడతారు. ఇద్దరు ముగ్గురు ‘అయ్యో అక్కా’ అంటారు. ఆరితేరిన అడ్మిన్ అయితే గ్రూపులో ఏమీ రాయడు. ఆమెకు విడిగా మెసేజ్ పెట్టి నాలుగే అడుగుతాడు: పాస్‌పోర్టు మొదటి పేజీ, సివిల్ ఐడీ, కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఫోన్ నంబరు, లొకేషన్.

ఆన్‌లైన్ గుంపులు దిక్కులేని వాళ్లకు ఏం చేస్తాయి, వాళ్లనేం చేస్తాయి అన్న రెండు ప్రశ్నలకూ జవాబు ఆ తేడాలోనే ఉంది. గ్రూపులో అందరి ముందు జరిగే మాట వేరు, విడిగా జరిగే పని వేరు.

20 నంబరు వీసా

తెలంగాణలో జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి, నిర్మల్ నుంచి గల్ఫ్‌కు వెళ్లేది ఎక్కువగా మగవాళ్లు. నిర్మాణం పనులు, క్లీనింగ్ కంపెనీలు, లేబర్ క్యాంపులు. కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల నుంచి మాత్రం ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో ఇళ్లలో పనికి వెళ్తారు. వాళ్లలో ఎక్కువమంది దళిత, బీసీ, ముస్లిం కుటుంబాల వాళ్లు. వాళ్ల నోట ‘కువైట్’ అంటే దేశం పేరు కన్నా ఒక ఇంటి పేరు. ఆ ఇంట్లో యజమాని ‘బాబా’, యజమానురాలు ‘మామా’. మన ప్రభుత్వం లెక్క ప్రకారం కువైట్‌లో ఉన్న భారతీయులు దాదాపు 10 లక్షలు. ఆ దేశ జనాభాలో 21 శాతం, పనిచేసేవాళ్లలో 30 శాతం.

అక్కడ వీసాలకు నంబర్లున్నాయి. కంపెనీ పని చేసేవాళ్లది 18, ఇళ్లలో పని చేసేవాళ్లది 20. డ్రైవర్, వంటమనిషి, పిల్లలను చూసే ఆయా అందరూ 20 కిందికే వస్తారు. పని ఇచ్చిన కఫీల్ పేరు మీదే అకామా, అంటే నివాస అనుమతి, ఉంటుంది. అతని అనుమతి లేకుండా ఇల్లు దాటితే పారిపోయినట్టు కేసు పెట్టవచ్చు. అప్పటినుంచి ఆమె ఆ దేశంలో అక్రమంగా ఉన్నట్టే లెక్క. తెలంగాణ కార్మికుల భాషలో చెప్పాలంటే ‘ఖల్లివెల్లి’.

కంపెనీ కార్మికుడికి కనీసం క్యాంపు ఉంటుంది. గదిలో పదిమంది ఉంటారు. జీతం రాకపోతే పదిమందికీ రాదు, కలిసి గొడవ పడతారు. ఇంటిపని మనిషికి ఆ తోడు లేదు. ఒక ఇంట్లో ఒక్కతే. శుక్రవారం సెలవు ఇస్తేనే చర్చిలోనో, పార్కులోనో తోటి తెలుగు ముఖం కనిపిస్తుంది. సెలవే లేని ఇంట్లో ఆమెకు ఇంకో పనిమనిషి తారసపడే చోటు ఫోను తెర ఒక్కటే. అందుకే ఫోను లాక్కోవడం యజమాని చేతిలో మొదటి శిక్ష. లాక్కోవడం దాకా పోనక్కర్లేదు కూడా. వైఫై పాస్‌వర్డ్ మారిస్తే చాలు.

జీతం ఎంతమ్మా నీకు?

ఈ గ్రూపుల మేలు గురించి మాట్లాడితే అందరూ కష్టాల్లోంచి బయటపడ్డవాళ్ల కథలే చెబుతారు. అంతకన్నా మామూలుగా, రోజూ జరిగే మేలు ఇంకొకటుంది. అది జీతాల ముచ్చట. ఒకామెకు 90 దినార్లు, పక్క వీధిలో అదే పని చేసే ఇంకొకామెకు 120. దినారు 270 రూపాయలకు పైనే కాబట్టి ఆ తేడా నెలకు 8 వేల రూపాయలు. ఈ సంగతి ఏ ఏజెంటూ చెప్పడు. గ్రూపులో వంట కబుర్ల మధ్య బయటపడుతుంది.

చట్టం సంగతీ అంతే. కువైట్ 2015లో ఇంటిపనివాళ్ల కోసం ప్రత్యేకంగా 68వ నంబరు చట్టం తెచ్చింది. గల్ఫ్ దేశాల్లో అది మెరుగైనదనే పేరుంది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికో రోజు సెలవు. ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. మరుసటి ఏడాది కనీస జీతం 60 దినార్లుగా నిర్ణయించారు. కాగితం మీద ఉన్న ఈ హక్కులు అరబ్బీలో ఉన్నాయి, ఇంగ్లిషులో ఉన్నాయి. తెలుగులో అవి ఆమె దాకా వచ్చేది ఎవరో ఓపిక చేసుకుని రికార్డు చేసిన రెండు నిమిషాల ఆడియోగానే. ‘పాస్‌పోర్టు నీ దగ్గరే ఉంచుకోవచ్చు, అది నీదే’ అన్న మాట తెలియడం వేరు, అడిగి తెచ్చుకోవడం వేరు. అయితే తెలియనిదే అడగడమే ఉండదు.

అక్షరం రానివాళ్లకు వాయిస్ మెసేజ్ చేసిన మేలు మీద ఎవరైనా ఒక పుస్తకం రాయాలి. ఒకప్పుడు గల్ఫ్ నుంచి ఇంటికి మాట పంపాలంటే ఊరెళ్లే మనిషికి క్యాసెట్ రికార్డు చేసి ఇచ్చేవాళ్లు. ఇప్పుడు అదే మాట వేలు నొక్కి ఉంచితే పోతుంది. టైపు చేయాల్సిన పని లేదు, స్పెల్లింగు చూసి ఎవరైనా నవ్వుతారన్న భయం లేదు. యూఏఈలో వాట్సాప్ కాల్స్ పనిచేయవు, అక్కడివాళ్లు బోటిమ్ లాంటి యాప్‌లు వెతుక్కుంటారు. వాయిస్ మెసేజ్‌కు ఆ అడ్డంకి కూడా లేదు. టిక్‌టాక్‌ది ఇంకో తమాషా. మన దేశంలో 2020 జూన్ 29న దాన్ని నిషేధించారు. గల్ఫ్‌లో నడుస్తూనే ఉంది. కాబట్టి అక్కడ లైవ్‌లో ముచ్చట్లు పెట్టే అమ్మాయిని తోటి వలసకూలీలు చూస్తారు, ఊళ్లో అత్తగారు చూడలేదు. ఆ చాటు కొందరికి కాస్త ఊపిరి కూడా.

ఏడుస్తూ తీసిన వీడియో

2024 జూలైలో అన్నమయ్య జిల్లాకు చెందిన ఒకాయన కువైట్ ఎడారిలోంచి వీడియో పెట్టాడు. పనికని తీసుకెళ్లి ఎడారిలో పశువుల దగ్గర ఒంటరిగా వదిలేశారని, తాగడానికి నీళ్లు కూడా దొరకడం లేదని, సాయం రాకపోతే చావు తప్ప దారి లేదని ఏడుస్తూ చెప్పాడు. వీడియో తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో, ఎక్స్‌లో తెగ తిరిగింది. అంతకు కొన్ని నెలల ముందే, గల్ఫ్ ఎడారిలో చిక్కుకున్న వలసకూలీ కథ ‘ఆడుజీవితం’ సినిమా తెలుగులోనూ వచ్చి ఉండటంతో ఆ ఎడారి, ఆ ఒంటరితనం జనం కళ్లకు కొత్త కాదు. మంత్రి నారా లోకేశ్ స్పందించారు. ఎంబసీ కదిలింది. కొద్దిరోజుల్లోనే ఆ మనిషి ఇంటికి చేరాడు.

గల్ఫ్ గ్రూపుల్లో ఈ సంఘటన నుంచి నేర్చుకున్న పాఠం ఒక్కటే: వీడియో తీయి, ఏడువు, మంత్రికి ట్యాగ్ చేయి. అప్పటినుంచి అలాంటి వీడియోలు వస్తూనే ఉన్నాయి. కొన్నింటికి జవాబు వచ్చింది. వందల వీడియోల్లో ఏది జనం కంట పడుతుందన్నది మాత్రం అదృష్టం. ముఖం ఆకట్టుకోవాలి, ఏడుపు నిజమనిపించాలి, ఆ వారం ఇంకో పెద్ద వార్త ఉండకూడదు. జీతం బాకీ, పాస్‌పోర్టు లాక్కోవడం, సెలవు లేకపోవడం లాంటి చప్పని కష్టాలకు ఎవరూ షేర్ కొట్టరు. ఎక్కువమందివి అవే.

అందరూ మరిచిపోయే మాట ఇంకొకటి ఉంది. ఆ వీడియో కఫీల్ కూడా చూస్తాడు.

సౌదీలో 2007 నాటి సైబర్ చట్టం ప్రకారం ఫోన్ కెమెరాతో ఒకరి ఆంతరంగిక జీవితంలోకి చొరబడితే, పరువు తీస్తే ఏడాది దాకా జైలు, 5 లక్షల రియాళ్ల దాకా జరిమానా పడవచ్చు. కువైట్‌కు 2015లో, యూఏఈకి 2021లో వచ్చిన సైబర్ చట్టాలు అంతే గట్టివి. వంటింట్లో వీడియో తీస్తుంటే వెనక యజమాని కూతురు నడిచి వెళ్తే చాలు, ఫిర్యాదు చేయాల్సిన మనిషి ముద్దాయి అవుతుంది. కొట్టిన చెయ్యి సంగతి తరువాత, ముందు ఈ ఫొటో ఎలా తీశావు అన్న ప్రశ్న వస్తుంది. ‘కొట్టిన గుర్తులు ఫొటో తీసి పెట్టుకో’ అని గ్రూపులో సలహా ఇచ్చేవాళ్లు ‘నీ ఒంటిని మాత్రమే తీయి, ఇంకెవరూ అందులో పడకూడదు’ అన్నది కూడా కలిపి చెప్పాలి. చెప్పేవాళ్లు తక్కువ.

ఒక లింకు, నెల రోజుల చెర

ఈ ప్రమాదం ఎంత దూరం పోగలదో చెప్పడానికి మాల్కమ్ బిదాలి కథ ఉంది. కెన్యా యువకుడు. ఖతార్‌లో సెక్యూరిటీ గార్డు. 12 గంటల డ్యూటీ, ఇరుకు గదులు, పాస్‌పోర్టుల సంగతి అన్నీ ‘నోవా’ అన్న మారుపేరుతో ఆన్‌లైన్‌లో రాసేవాడు. ఫుట్‌బాల్ ప్రపంచ కప్ 2022లో ఖతార్‌లో జరగబోతుండటంతో ఆ రాతలకు పాఠకులు పెరిగారు. 2021 ఏప్రిల్ చివర్లో ట్విటర్‌లో ఎవరో ఒక లింకు పంపారు, చూడ్డానికి యూట్యూబ్ వీడియోలా ఉంది. నొక్కాడు. నొక్కినవాడు ఏ ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి వచ్చాడో పట్టిచ్చే రకం లింకు అదని ఆ తరువాత పరిశీలించిన నిపుణులు తేల్చారు. మే మొదటి వారంలో అతన్ని కంపెనీ గదిలోంచి తీసుకెళ్లారు. దాదాపు నెల రోజులు ఏకాంత నిర్బంధం. జూలైలో 25 వేల రియాళ్ల జరిమానా. తప్పుడు వార్తల ప్రచారం అన్నది అభియోగం. ఆగస్టులో అతను దేశం విడిచాడు.

బిదాలికి ఇంగ్లిషు వచ్చు, ఫోను వాడకం క్షుణ్ణంగా తెలుసు, మానవ హక్కుల సంస్థలతో పరిచయం ఉంది. అయినా ఒక లింకు దగ్గర దొరికిపోయాడు. ‘ఉచిత వీసా, ఇక్కడ నొక్కండి’ అని రోజుకు మూడు లింకులు వచ్చి పడే గ్రూపులో మన కడప అక్క ఎంత జాగ్రత్తగా ఉండగలదో ఊహించవచ్చు.

బేరానికి మనుషులు

వలస కార్మికులు ఒకరినొకరు వెతుక్కున్న ఇంటర్నెట్‌లోనే యజమానులూ తమ సంత పెట్టుకున్నారు. 2019లో బీబీసీ అరబిక్ విలేకరులు కువైట్‌కు కొత్తగా వచ్చిన దంపతుల్లా నటించి, 4సేల్ అనే యాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో పనిమనిషి కోసం చూస్తున్నట్టు 50 మందికి పైగా అమ్మకందార్లతో మాట్లాడారు. పాత కార్లు, సోఫాలు అమ్మే యాప్‌లోనే పనిమనుషుల విభాగం. ఫొటో, వయసు, దేశం, ధర. ఏ దేశం మనిషి కావాలో ఎంచుకునే సదుపాయం. పాస్‌పోర్టు తీసేసుకో, ఫోను ఇవ్వకు, బయటికి పంపకు అని కొనేవాళ్లకు అమ్మేవాళ్ల సలహాలు. గినీ దేశానికి చెందిన 16 ఏళ్ల పిల్లను కూడా అందులో అమ్మజూపారు.

అరబ్బీలో దీనికి ముద్దుపేరు ‘తనాజుల్’. అకామాను ఒక కఫీల్ నుంచి ఇంకో కఫీల్‌కు మార్చడం. మనవాళ్లు ‘రిలీజ్’ అంటారు. కాగితాల మీద అది మామూలు వ్యవహారం. మనిషిని అడగకుండా, ఆమెకు తెలియకుండా, లాభానికి చేస్తే అది అమ్మకం. కథనం వచ్చాక యాప్ ఆ విభాగం తీసేసింది. ఫేస్‌బుక్ ఒక హ్యాష్‌ట్యాగ్‌ను నిషేధించింది. ఈ ప్రకటనలను తొలగించకపోతే తన స్టోరులో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాప్‌లే ఉండవని ఆ ఏడాది ఆపిల్ హెచ్చరించినట్టు 2021లో ఫేస్‌బుక్ అంతర్గత పత్రాలు బయటపడ్డాక లోకానికి తెలిసింది. పనిమనుషుల గోడుకు కదలని కంపెనీ ఇంకో కంపెనీ గదమాయిస్తే కదిలిందన్నమాట.

ఆ పనిమనుషుల ఫొటోలు ఎక్కడివి? కొన్ని ఏజెన్సీ ఫైళ్లవి, కొన్ని యజమానులు ఇంట్లో తీసినవి. గ్రూపుల్లో ఎవరైనా తమ ఫొటో, పాస్‌పోర్టు పేజీ పెట్టినా అదే ప్రమాదం. 200 మంది ఉన్న గ్రూపులో ఒక్క ఏజెంటైనా ఉండడని నమ్మడం కష్టం. పాత ఇల్లు వదిలి కొత్త పని చూస్తున్నామని రాసిన మరుక్షణం ‘అక్కా, మంచి ఇల్లు ఉంది, 150 దినార్లు’ అని విడిగా మెసేజ్ వచ్చేది అలాంటివాళ్ల నుంచే. చట్టబద్ధమైన కఫీల్‌ను వదిలి ఆ మాట నమ్మి గేటు దాటితే, అటు పారిపోయిన కేసు, ఇటు ఏజెంటు గది. కంబోడియాలో కంప్యూటర్ ఉద్యోగాలంటూ విశాఖ కుర్రాళ్లకు ఎర వేసి సైబర్ మోసాల కేంద్రాల్లో కుక్కిన ముఠాలు 2024లో బయటపడ్డాయి. అక్కడా మోసానికి మొదటి మెట్టు ఆన్‌లైన్ పరిచయమే.

పుకార్లది మరో బెడద. ‘వచ్చే నెల క్షమాభిక్ష అంట’ అన్న ఫార్వర్డు గల్ఫ్‌లో ఏడాది పొడుగునా తిరుగుతూనే ఉంటుంది. కువైట్ 2018లో, 2020లో, 2024లో నిజంగానే క్షమాభిక్ష ప్రకటించింది. యూఏఈ 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా అవకాశం ఇచ్చింది. అందుకే అబద్ధం కూడా నమ్మేలా ఉంటుంది. దాన్ని నమ్మి ఎలాగూ ఔట్‌పాస్ (దేశం విడిచి ఇంటికి వెళ్లడానికి ఇచ్చే కాగితం) దొరుకుతుందని పని వదిలి బయటికి వచ్చేసిన మనిషికి ఆ తరువాత దిక్కెవరు? ఫార్వర్డు చేసినవాడు గ్రూపులోంచి వెళ్లిపోయి ఉంటాడు.

పేరు పెట్టి బయటపెడితే?

గల్ఫ్ బయట, లెబనాన్‌లో ఒక గట్టి ప్రయోగం జరిగింది. ఒకప్పుడు లెబనాన్‌లో పనిచేసి, తరువాత కెనడాలో స్థిరపడిన నేపాలీ దీపేంద్ర ఉప్రేతి ‘దిస్ ఈజ్ లెబనాన్’ అనే సంస్థను 2017లో మొదలుపెట్టారు. పనిమనిషి ఫిర్యాదు చేస్తే మొదట యజమానికే మెసేజ్ వెళ్తుంది: జీతం కట్టండి, ఇంటికి పంపండి. వినకపోతే పేరు, ఫొటోతో సహా ఫేస్‌బుక్‌లో. పరువుకు భయపడి నెలల బాకీలు తీర్చిన వాళ్లున్నారు. పోలీసు స్టేషను చేయని పని పరువు చేసింది.

ఆ పద్ధతికి ఉన్న పదును రెండు వైపులా కోస్తుందని మరుసటి ఏడాదే తెలిసింది. యజమానుల ఇంటి బాల్కనీ మీంచి పడి గాయపడ్డ ఇథియోపియా యువతి ఆస్పత్రి మంచం మీంచి తన మీద జరిగిన దాడుల గురించి చెప్పిన వీడియో ప్రపంచమంతా తిరిగింది. కొన్నాళ్లకే ఆమె టీవీ కెమెరా ముందు ఆ మాటలు వెనక్కి తీసుకుంది. అప్పటికి ఆమె ఉన్నది మళ్లీ ఆ యజమానుల దగ్గరే. లక్షలమంది చూశారు గానీ ఆ రాత్రి ఆమెను ఇంకో చోట పడుకోబెట్టగలిగినవాళ్లు లేకపోయారు. 2020 మార్చిలో ఘనాకు చెందిన మరో యువతి చనిపోవడానికి ముందు తనకు ప్రాణభయం ఉందంటూ ఆ సంస్థకు మెసేజ్‌లు, ఆడియోలు పంపింది. అన్నీ రికార్డయి ఉన్నాయి. మనిషి లేదు.

ఇక్కడ ఒక మాట నిర్మొహమాటంగా చెప్పుకోవాలి. ఎంత పెద్ద గ్రూపైనా, ఎన్ని లక్షల వ్యూస్ వచ్చినా, గేటు బయట కారుతో నిలబడే మనిషి ఒకరుంటేనే వాటికి విలువ. 2,000 మంది చూసే పేజీ కన్నా, ఎంబసీ షెల్టర్‌కు దారి తెలిసి, పోలీసుకు ఏ కాగితం చూపాలో తెలిసిన 20 మంది ఉన్న మూసిన గ్రూపు ఎక్కువ పని చేస్తుంది. అలాంటి గ్రూపుల గురించి వార్తలు రావు, రాకపోవడమే వాటి బలం.

ఫిలిప్పీన్స్ ఈ సంగతిని ప్రభుత్వ స్థాయిలో, చేదుగా నేర్చుకుంది. 2018లో కువైట్‌లో ఒక ఫిలిప్పీన్స్ పనిమనిషి శవం ఫ్రీజర్‌లో దొరకడంతో ఆమె స్వదేశం అట్టుడికింది. ఏప్రిల్‌లో ఎంబసీ బృందాలు ఇళ్ల దగ్గరికి వెళ్లి పనిమనుషులను కార్లలో తప్పించి తీసుకెళ్తున్న వీడియోలు బయటికి వచ్చాయి. స్వదేశంలో చప్పట్లు కొట్టారు. కువైట్ మాత్రం తన సార్వభౌమాధికారానికే భంగమంటూ ఫిలిప్పీన్స్ రాయబారిని వెళ్లిపొమ్మంది. తప్పించడం గుట్టుగా జరిగినన్నాళ్లు సాగింది, వీడియో పెట్టగానే ఆగింది. ఫిలిప్పీన్స్ విదేశాంగ మంత్రి క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. అయినా ఆ గొడవలోంచే మే 11న ఒక ఒప్పందం పుట్టింది. పనిమనిషి పాస్‌పోర్టుతో పాటు ఫోను కూడా ఆమె దగ్గరే ఉండాలన్నది అందులోని షరతుల్లో ఒకటి. రెండు దేశాలు సంతకాలు చేసిన కాగితంలో సెల్‌ఫోను ప్రస్తావన రావడం ఊరికే జరిగింది కాదు. భారత్ కూడా 2021 జూన్‌లో కువైట్‌తో ఇంటిపనివాళ్ల మీద ఒప్పందం చేసుకుంది. వీసా వచ్చిన ప్రతి మనిషికీ విమానం ఎక్కేముందే తెలుగులో ఆ షరతులు చదివి వినిపించేవాళ్లుంటే గ్రూపుల భారం సగం తగ్గేది.

రికార్డులో లేని మనిషి

మన ప్రభుత్వ ఏర్పాట్లు లేవని కాదు. ఫిర్యాదులకు 2015 నుంచి ‘మదద్’ పోర్టల్ ఉంది. వలసల కోసం ప్రభుత్వం నడిపే ఈ-మైగ్రేట్ సైటులో ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో చూసుకోవచ్చు. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల బీమా ఉంది. ఆంధ్రప్రదేశ్‌కు ప్రవాస తెలుగువారి సంఘం హెల్ప్‌లైన్, తెలంగాణకు విదేశీ ఉద్యోగాల ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉన్నాయి. ఎంబసీలూ వాట్సాప్ హెల్ప్‌లైన్లు నడుపుతున్నాయి. ఈ తలుపులన్నీ కాగితం ఉన్న మనిషికి తెరుచుకుంటాయి.

ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లలో చాలామందికి ఆ కాగితమే సరిగ్గా ఉండదు. పదో తరగతి దాటనివాళ్ల పాస్‌పోర్టు మీద గల్ఫ్‌కు వెళ్లాలంటే ముందుగా ప్రభుత్వ క్లియరెన్సు కావాలి. 30 ఏళ్లు నిండని ఆడవాళ్లకు ఇంటిపనికి అది ఇవ్వరు. 2016 నుంచి వాళ్ల నియామకాలు ప్రభుత్వ ఏజెన్సీల ద్వారానే జరగాలన్న నిబంధన కూడా వచ్చింది. ఉద్దేశం మంచిదే. జరిగిందేమిటంటే, 26 ఏళ్ల మనిషిని ఏజెంటు విజిట్ వీసా మీద దుబాయ్ తీసుకెళ్లి అక్కడినుంచి ఇంకో దేశానికి దాటించడం. ఆమె పేరు ఈ-మైగ్రేట్‌లో ఉండదు. బీమా ఉండదు. కాంట్రాక్టు ఉండదు. కష్టమొచ్చి ఫోన్ చేస్తే హెల్ప్‌లైన్‌లో మొదటి ప్రశ్నకే ఆమె దగ్గర జవాబు ఉండదు. పైగా తాను తప్పు దారిన వచ్చానన్న భయంతో ఎంబసీ పేరు ఎత్తడానికే జంకుతుంది. అలాంటి మనిషికి తలుపు తీసేది ఊరివాళ్ల వాట్సాప్ గ్రూపే. మదద్‌లో ఫిర్యాదు కూడా ఆమె తరఫున నింపేది గ్రూపులోని ఎవరో పదో తరగతి పాసైన కుర్రాడే.

సాయానికీ చిక్కులున్నాయి. చనిపోయిన మనిషిని ఊరికి పంపాలన్నా, జబ్బు పడ్డ మనిషికి టికెట్ కొనాలన్నా గ్రూపులో చందాలు పోగు చేస్తారు. మనకది మానవత్వం. అయితే యూఏఈలో లైసెన్సు ఉన్న సంస్థలు తప్ప ఇంకెవరూ విరాళాలు అడగకూడదు. 2016లో దుబాయ్‌లో ఉంటున్న ఓ ఆస్ట్రేలియా–బ్రిటన్ పౌరుడు అఫ్గాన్ శరణార్థులకు దుప్పట్ల కోసం సాగుతున్న విరాళాల సేకరణ గురించి ఫేస్‌బుక్‌లో పెట్టిన పాపానికి వారాల తరబడి నిర్బంధంలో ఉన్నాడు. ఆయన వెనక రెండు పెద్ద దేశాల ఎంబసీలున్నాయి. మన గ్రూపుల్లో గూగుల్ పే నంబరు పెట్టే అడ్మిన్ వెనక ఎవరున్నారు?

ఆ అడ్మిన్ కూడా సాధారణంగా ఒక ఇంట్లో డ్రైవరే. పొద్దున పిల్లలను బడిలో దింపి, మధ్యాహ్నం మామాను మాల్‌కు తీసుకెళ్లి, కారు పార్కింగులో ఆపుకున్న ఖాళీలో ఆడియోలు వింటాడు, లొకేషన్లు సర్దుతాడు, ఎంబసీకి మెసేజ్‌లు పెడతాడు. ఊళ్లో అతనికి సంఘసేవకుడని శాలువా కప్పుతారు. కువైట్ చట్టం దృష్టిలో అతను 20 నంబరు వీసా మీదున్న పనివాడు. ఎవరి తరఫునైనా ఎంబసీలో ఫిర్యాదులు వినే ఓపెన్ హౌస్‌కు వెళ్లి మాట్లాడి రావాలంటే ముందు అతనికి తన కఫీల్ ఆ పూట సెలవు ఇవ్వాలి.